ఏలూరు ఆసుపత్రిలో మా వదిన

మా వదినకి ఇరవై రెండేళ్ళు. మోకాలి మీద గడ్డ ఎంతకీ తగ్గలేదు. అన్నయ్య కోతల్లో ఉన్నాడని, నేనే మీసం దువ్వుకుని, ఆవిణ్ణి భీమడోలులో రైలెక్కించి ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

"రాచపుండమ్మా. కాలు తీసినా బతుకుతావని చెప్పలేను," అన్నారు డాక్టరుగారు.

వదిన కదల్లేదు. దబ్బున పడిపోయింది నేను. కళ్ళు తెరిచేసరికి ఆవిడ నా మొహాన నీళ్ళు చల్లుతూ, "ముందు మా మరిదిగారిని చూడండి డాక్టరుగారూ. నా పుండు ఎక్కడికీ పోదులెండి," అంటోంది.

కాలు తీయించుకుని ఇంటికొచ్చాక, చూడవచ్చినవాళ్ళందరితో, "మా మరిదిగారు పక్కనుండబట్టే ధైర్యంగా ఉన్నానండీ," అనేది. ఏడాది తిరక్కుండానే పోయింది.

ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ నా గుండెనిబ్బరాన్నే మెచ్చుకుంటారు. కాదని ఇంతవరకూ నేనెవరికీ చెప్పలేదు.