అక్క పొడుగుకు తగిన ప్యాంటు

మా ఇంట్లో అందరికంటే అక్కే పొడుగు. నాయనకంటే కూడా. ఆ పొడుగుతోనే వాలీబాల్ ఆడింది, వ్యాయామ విద్యలో శిక్షణ తీసుకుంది, ఉరవకొండ దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరింది.

చీరతో ఆటలు నేర్పడం కష్టం. పరుగెత్తి చూపించాలంటే కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకోవాలి. పంజాబీ డ్రెస్సు వేసుకుంటే ఆ మైదానంలో గాలికి చున్నీ మొహానికి చుట్టుకునేది. అక్క హెడ్‌మాస్టరుతో మాట్లాడి ట్రాక్ ప్యాంటు వేసుకోవడానికి ఒప్పించింది. అసలు తిప్పలు ఆ తర్వాతే మొదలయ్యాయి.

అప్పుడు నేను అనంతపురంలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. అక్క వస్తే ఇద్దరం బజారంతా తిరిగేవాళ్లం. ఉన్నవన్నీ మగవాళ్ల ప్యాంట్లే. నడుముకు సరిపోయింది తుంటి దగ్గర పట్టేసేది. తుంటికి సరిపోయింది నడుం దగ్గర జారిపోయేది.

"ఆడోళ్లవి మీ పొడుగుకు యాడా రావమ్మా. టైలరు దగ్గర కుట్టిచ్చుకోండి," అన్నాడు ఒక అంగడి ఆయన.

కుట్టించుకుంది. ఆ గుడ్డ సాగదు. పిల్లలకు గుంజీలు తీసి చూపిస్తుంటే వెనక కుట్టు పర్రున విడిపోయింది. నేనైతే ఇంటికి పరుగు తీసేదాన్ని. అక్క ఒక పిల్ల దగ్గర చున్నీ తీసుకుని నడుముకు గట్టిగా కట్టుకుని, గంట కొట్టేదాకా డ్రిల్లు చేయించింది. ఈ సంగతి నాకు తను నవ్వుకుంటూనే చెప్పింది.

మా హాస్టలు పక్క ఇంటర్నెట్ సెంటర్లో బట్టలు కూడా కొనవచ్చని నాకు తెలిసింది అప్పుడే. ఒక శనివారం అక్కను తీసుకెళ్లి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. బొమ్మలు మెల్లగా, పైనుంచి కిందికి దిగుతూ వచ్చాయి. ఆడవాళ్ల ట్రాక్ ప్యాంట్లు, ఎన్నో రంగులు.

"ఎల్ అంటే ఎంత?" అని అడిగింది అక్క.

"పెద్దది."

"ఎవురికి పెద్దది?"

అందరూ కొంటున్నారు కదా అని ఎల్ కొనిపించాను. కొరియర్ ఆఫీసు నుంచి తెచ్చి హాస్టలు గదిలో వేసుకుని చూస్తే చీలమండకు చాలా పైనే ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇంక దీని జోలికి పోవద్దులేక్కా," అన్నాను.

అక్క మంచం చుట్టూ నడిచింది. కూర్చుంది, లేచింది. "గుడ్డ సాగుతాంది. నడుము బాగుండాది, తుంటి బాగుండాది. పొడుగొకటే కదా తక్కువ. ముక్కాలు వంతు గెలిచినట్లేమే," అంది.

టేపు తెప్పించి, తొడల సందు నుంచి కిందికి ప్యాంటు ఎంతుందో, తన కాలికి ఎంత కావాలో కొలిచింది. పార్సిల్ మీదున్న బెంగళూరు నంబరుకు ఫోను చేసింది. అవతల ఒకామె కన్నడంలో మాట్లాడింది. అక్కకు కన్నడం బాగా వచ్చు. పొట్టిగా ఉంటే ఇంకా పెద్ద సైజు తీసుకోమని ఆమె సలహా ఇచ్చింది.

"పెద్ద సైజు తీసుకుంటే నడుము పెద్దదైతుంది. నా నడుము పెరగలేదు తల్లీ, కాళ్లే పొడుగు," అంది అక్క కన్నడంలో. "మీ దగ్గరున్నవాటిలో కాలు పొడుగు ఎంతెంతో కొలిచి చెప్తారా? నేను ఫోను పట్టుకునే ఉంటాను."

ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదంటూ ఆమె గోడౌన్‌లోకి వెళ్లింది. చాలాసేపటికి వచ్చి, నీలం రంగు రకం ఒకటి ఉందనీ, దాని అంచు లోపలికి బాగా మడిచి కుట్టారనీ, విప్పితే సరిపోవచ్చనీ చెప్పింది. మాది వెనక్కి పంపితే అది పంపిస్తానంది.

ఆ నీలం ప్యాంటు వచ్చాక అక్క అంచులు విప్పి, ఇస్త్రీ చేసి, సన్నగా మడిచి చేత్తోనే కుట్టుకుంది. వేసుకుని హాస్టలు వరండాలో గుంజీలు తీసింది, గోడకు చెయ్యి ఆనించి కాలు పైకెత్తింది, ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తింది. గదుల్లోంచి అమ్మాయిలు బయటికొచ్చి చూస్తూ నిలబడ్డారు. ప్యాంటు ఎక్కడా పట్టలేదు, జారలేదు. తన కోసమే కుట్టినట్టుంది.

ఆ ఏడాది జిల్లా ఆటల పోటీలు తాడిపత్రిలో జరిగాయి. చూడ్డానికి నేనూ వెళ్లాను. వేరే బడుల డ్రిల్లు టీచర్లు అక్క చుట్టూ చేరారు.

"యాడ తెచ్చుకున్నావు మేడమ్? మాకు దొరకవే."

"దొరుకుతాయి. కొలతలు సరిగ్గా అడగల్ల, అంతే," అంది అక్క. షామియానా కిందే టేపు తీసి ఒక్కొక్కరినీ నిలబెట్టి కొలిచింది. ఒకామె పొట్టి, ఒకామెకు పిల్లలు పుట్టాక తుంటి పెరిగింది, ఇంకొకామె బక్కపలచన. "ఇట్లుండేదానికి సిగ్గెందుకు? మన ఒళ్లు మనకు తెలిస్తే చాలు, బట్టను వెతుక్కోవచ్చు," అంటూ నవ్వించింది.

అక్కడి నుంచే బెంగళూరుకు ఫోను కలిపింది. అవతలామె గొంతు గుర్తుపట్టినట్టుంది. "ఈసారి ఎన్ని జతల కాళ్లని అడుగుతాందే," అని అక్క మాకు చెప్పి, మైదానంలో పిల్లలు తన కోసం ఎదురుచూస్తున్నా తొందరపడకుండా, ఒక్కొక్కరి కొలతా ఆమెకు రెండేసిసార్లు వినిపించింది.