జీలాంగ్ రైల్లో అకార్డియన్ అంకుల్

లిటిల్ రివర్ స్టేషన్ దాటగానే రామోన్ అంకుల్ వేళ్ళు ఆగిపోయాయి. అప్పటిదాకా ఎదుటి సీట్లో కూర్చుని, మోకాలి మీదే అకార్డియన్ మీటలు నొక్కి చూపిస్తూ తన కథ చెబుతున్నారు. చలికాలం, అయినా నుదుటినిండా చెమట.

శనివారం మధ్యాహ్నం రెండింటికి టార్నీట్‌లో ట్రైన్ ఎక్కాను. చిన్నవాడు పుట్టాక పిల్లలు లేకుండా బయల్దేరడం ఇదే మొదలు. జీలాంగ్‌లో టెక్స్-మెక్స్ కచేరీకి పక్కింటి ఆంటీ టికెట్ ఇచ్చింది. స్టేషన్లో దింపుతూ మా ఆయన కిరణ్ నా బ్యాగులోకి తొంగి చూశాడు. "పిల్లలు ఇక్కడ, వాళ్ళ జ్యూసులు జీలాంగ్‌కా?" తీసేయబోయి, మనసొప్పక ఉంచేశాను.

ఎదురుగా నల్లపెట్టెతో కూర్చున్న పెద్దాయనదే ఆ కచేరీ అని మాటల్లో తెలిసింది. పుట్టింది టెక్సాస్ సరిహద్దులో. పత్తి ఏరే తండ్రి దగ్గర నేర్చుకుని, చిన్నప్పుడే పెళ్ళిళ్ళలో వాయించారట. "జర్మన్ల వాయిద్యం, మెక్సికో పాట, టెక్సాస్ దుమ్ము. మూడూ కలిస్తే మా సంగీతం!" జీలాంగ్ నర్సుని ప్రేమించి ఇటొచ్చి, పగలు వెల్డింగ్, శనివారాలు పబ్బుల్లో వేరేవాళ్ళ బ్యాండ్లకి వాయించడం. సొంత పేరుతో కచేరీ మాత్రం డెబ్బై దాటాక, ఈ రోజే.

అక్కడిదాకా చెప్పి ఆగిపోయిన ఆయన్ని "షుగరా అంకుల్?" అని అడిగాను. కడుపుతో ఉన్నప్పుడు నాకూ ఉండేది, ఆ చెమట నాకు తెలుసు.

"ఇన్సులిన్ వేసుకున్నా... హడావిడిలో లంచ్..."

తినలేదు, షుగర్ పడిపోయిందన్నమాట. స్ట్రా గుచ్చి యాపిల్ జ్యూస్ నోటికి అందించాను. నా కేక విని కండక్టర్ పరిగెత్తుకొచ్చింది. ఇంకో జ్యూస్, బిస్కెట్లు. లారా స్టేషన్ వచ్చేసరికి ఆయన తేరుకుని, డబ్బా మీది డైనోసార్‌ని చూశారు.

"ఎవరిది?"

"మా బాబుది. తెలిస్తే ఊరుకోడు."

"అయితే అయిపోయాన్నేను!"

జీలాంగ్ ప్లాట్‌ఫారం మీద భార్య ఎదురొచ్చి, ఆయన వేలికి సూది గుచ్చి షుగర్ చూసి, చేతిలో శాండ్‌విచ్ పెట్టింది. "తినకపోతే అకార్డియన్ నేనే వాయిస్తా. ఊరంతా పారిపోతుంది."

ఐదింటికి కచేరీ. మూడో పాటకే హాలంతా లేచి గుండ్రంగా ఆడింది. నేనూ ఆడాను, బ్యాగు భుజాన ఉండగానే. చివరి పాటకి ముందు ఆయన ఖాళీ డబ్బా పైకెత్తి, "ఈ పాట టార్నీట్‌లో జ్యూస్ పోగొట్టుకున్న దొరగారికి!" అన్నారు.

తిరుగు ట్రైన్లో బ్యాగు తేలిగ్గా ఉంది. ఇన్నాళ్ళకి నేనూ తేలిగ్గా ఉన్నాను.

పొద్దున్నే చిన్నవాడు బ్యాగు బోర్లించాడు. "మమ్మీ, వేర్ ఈజ్ మై డైనో జ్యూస్?"

వాణ్ణీ, వాళ్ళక్కనీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాను: "ఓ తాతగారు తాగేశారు నాన్నా. తాగి, అందరి ముందూ నీకోసం పాట వాయించారు. వెళ్ళి డాడీతో చెప్పు, జ్యూసులు జీలాంగ్‌కే అని!"