బొటనవేలి గోరు

సండూరు బస్సుల్లో కిటికీ అద్దం తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. ఆ రోజు నాకు దక్కింది మొదటి రకం. కూరెకుప్ప దారిలో ఇనుప ఖనిజం లారీలు నా తెల్లచొక్కాకు ఉచితంగా ఎర్రరంగు వేశాయి.

పక్క సీటులో ఒకావిడ, గోరు సగం కూడా లేని తన బొటనవేలిని విసుగ్గా చూసుకుంటోంది. మిరపకాయల తొడిమలు గిల్లే కూలి ఆమెది. రోజంతా కారంలో నాని గోరు ఊడిపోయిందట.

“గోరు చూసినాకే పనికి పిలుస్తాడప్పా మా మేస్త్రి. రెండు నెల్లు ఆముదం పూసినా ఇంతే వచ్చిండాది. సీజను అయిపోతాండాది,” అంది.

చదువుకున్నవాణ్ణి కాబట్టి ఊరుకోలేకపోయాను. “గోరు పుట్టేది చర్మం లోపలక్కా, ఆముదం అక్కడికి పోదు. నెలకు బియ్యపుగింజలో సగమంత పెరుగుతుంది. మొత్తం రావాలంటే ఆరు నెలలు పడుతుంది. గుడ్లు, పప్పు బాగా తినాలి.”

“పనే లేకుంటే గుడ్లు యాడ్నుంచి తెచ్చేదప్పా?”

అంతవరకూ నా చదువు పోలేదు. ఆలోచిస్తూ, అలవాటు కొద్దీ చూపుడువేలి గోరు కొరికి కిటికీలోంచి ఉమ్మాను.

ఆమె నా చేతివేళ్ల వైపు చూసింది.

“నీకు పదీ ఉండాయి. కొరికి ఉమ్ముతాండావు.”