నీలమ్మత్త బదనికలు

మొన్నామధ్య విశాఖపట్నంలో మొక్కల ప్రదర్శనకు వెళ్తే, ఒక దుకాణంలో వంకర తిరిగిన కర్రకు కట్టి వేలాడదీసిన ఆర్కిడ్ మొక్క కనిపించింది. దగ్గరికి వెళ్ళి వాసన చూశాను. తడి కొబ్బరిపీచు వాసన కింద సన్నగా సముద్రం వాసన ఉంది. "కర్రలోంచి ఉప్పు ఇంకా దిగిపోలేదు బాబూ, వేళ్ళు మాడిపోతాయి" అన్నాను. అమ్మే ఆయన నవ్వి, ఇది విదేశాల పద్ధతి, మీకు తెలియదు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బడి గడప తొక్కని ఒక చేపలమ్మే మనిషి ఈ పద్ధతిని మా ఉద్దానం ఒడ్డున తన చేతులతో తానే నేర్చుకుంది. ఆమె మా నాన్నకు అక్క, నీలమ్మత్త.

మాది సోంపేటకు ఆటోలో అరగంట దూరాన, చేపలవేట మీద బతికే పల్లె. ఎండాకాలం వస్తే జీడితోటల్లో రాలిన పండ్ల పులుపు వాసన ఊరిదాకా కొట్టేది. ఆ పండ్లను ఉప్పద్దుకు తిని గొంతులు గీరుకుపోయి, గౌన్ల నిండా చెరగని మరకలతో, ఇసుకలో పీతల వెంట పరుగులు తీసి, తెప్పలు ఒడ్డెక్కే వేళకు ఆకలితో ఇళ్ళకు చేరితే, చల్లటి చోడి (రాగి) అంబలి, నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్ళ చేపలు మాకోసం సిద్ధంగా ఉండేవి. నెత్తళ్ళు కాల్చేది అత్తే. ఎడమ మణికట్టు వంకరగా ఉండటంతో కుడిచేత్తోనే అన్ని పనులూ చేసేది.

ఆ మణికట్టు విరగ్గొట్టింది ఆమె మొగుడు. ఇచ్ఛాపురం వైపు ఒక ఊరికి ఆమెను ఇచ్చారు. ఎనిమిదేళ్ళు తన్నులు తిని, చెయ్యి విరిగిన రోజున బస్సెక్కి వచ్చేసింది. తట్ట నెత్తిన పెట్టుకుని ఎండుచేపలు అమ్మి తన తిండి తాను సంపాదించుకునేది. అయినా ఊరి నోరు ఊరుకోలేదు. అందరికంటే ముందు మా నాయనమ్మే, కన్నతల్లే, కోపమొస్తే అనేది: "బదనికలాగ తమ్ముడి కొంపని పట్టుకున్నావు గదే!"

మామిడి కొమ్మల మీద, మట్టి తగలకుండా పెరిగే దళసరి ఆకుల ఆర్కిడ్ మొక్కను మా వైపు బదనిక అంటారు. చెట్టును తినేస్తుందని, ఇంట్లోకి తెస్తే అరిష్టమని నమ్మేవాళ్ళు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, దసరా వెళ్ళిన కొద్దిరోజులకు తుఫాను వచ్చింది. తెల్లారేసరికి కొబ్బరి, జీడి, పనస, ఏదీ మిగలకుండా ఉద్దానం మొత్తం నేలమీద పడుకుని ఉంది. తోటల్లో పుల్లలు ఏరడానికి అత్తతో నేనూ వెళ్ళాను. కూలిన పెద్ద మామిడి కొమ్మల మీద బదనికలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. కొమ్మలు నరికేవాళ్ళు వాటిని మంటలోకి విసిరేస్తుంటే, అత్త ఒకటి తీసి, తెల్లటి వేళ్ళను వేలితో మెల్లగా లేపి చూసింది.

"ఒసే గుంటా, ఇటు సూడు. యేళ్ళు పైనే పాకినాయి, మాను లోపలికి ఎల్లనేదు. ఇది సెట్టుని తింటాదని ఎవులు సెప్పినారు?"

పదకొండు మొక్కలు తెచ్చింది. నాయనమ్మ తల బాదుకుంది. అత్త వాటిని తీసుకెళ్ళి చూరుకు కట్టింది. చచ్చిన కర్ర మీద బతికించి చూపిస్తే ఇక దీన్ని ఎవరూ ఏమీ అనలేరని నాతో మాత్రం చెప్పింది.

కర్రల్ని సముద్రమే ఇచ్చింది. తుఫాను తర్వాత ఒడ్డంతా ఎక్కడెక్కడి దుంగలో కొట్టుకొచ్చాయి. అలలకు నునుపెక్కి, ఎముకల్లా తెల్లబడి, కొన్ని కొమ్ములు తిరిగి ఉన్నాయి. మొదట తెచ్చిన కర్రకు తొందరపడి రెండు మొక్కలు కట్టింది. పది రోజుల్లో వేళ్ళు నల్లబడి చచ్చిపోయాయి. అత్త ఆ కర్రను నాకి చూసి ఉమ్మేసింది. ఉప్పు! ఆ మర్నాడు మిగిలిన దుంగల్ని ఈడ్చుకుపోయి, మా ఊరి వెనక ఉన్న చిత్తడి బీలలో, తామరాకుల మధ్య మంచినీటిలో రాళ్ళు కట్టి ముంచింది. వారానికోసారి బడి ఎగ్గొట్టి నేను వెంట వెళ్ళేదాన్ని. ఒకదాన్ని పైకి తీసి నా నోటి దగ్గర పెట్టి, "నాలిక ఆనించి సెప్పు" అనేది. నేను మొహం చిట్లిస్తే మళ్ళీ నీళ్ళలోకి తోసేది. మూడు నెలలు పట్టింది. అంతవరకూ మొక్కలు చూరు నీడన తలకిందులుగా వేలాడుతూ, కుండ అడుగు నీళ్ళ చిలకరింపు మీదే బతికాయి.

ఉప్పు దిగిన కర్రను నేను రెండు చేతులా పట్టుకుంటే, అత్త కొబ్బరిపీచు పరిచి, మొక్కను ఆనించి, పాత వల దారంతో తెప్పను కట్టే ముడులే వేసేది. దారం ఒక కొస పళ్ళ మధ్య, ఇంకో కొస కుడిచేతిలో. వేళ్ళు నలగకూడదు, మొక్క కదలకూడదు. తొమ్మిదింటినీ చూరు కింద తూర్పువైపు వేలాడదీసింది. మాఘమాసం వెళ్ళేసరికి కొత్త వేళ్ళు పచ్చటి కొసలతో కర్రను పట్టుకున్నాయి.

అప్పుడే వచ్చాడు ఆమె మొగుడు, ముగ్గురు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని. అరుగు మీద కూర్చుని, ఆడది పుట్టింట్లో ఉండటం ఊరికి మర్యాద కాదన్నారు. నాన్న తలదించుకున్నాడు. అత్త గుమ్మంలో నిలబడి, "నాను రాను" అంది. ఆ ఒక్క మాటే మూడుసార్లు అంది.

"కర్రముక్కలకి పువ్వులు పూయించుకోడానికి మొగుణ్ణి ఒగ్గేసిందా?" అంటూ అతను చూరు కింది మొక్కనొకదాన్ని లాగి వాకిట్లోకి విసిరాడు. దారం తెగి, మొక్క ఇసుకలో బోర్లా పడింది.

అత్త దిగి వెళ్ళి మొక్కనూ కర్రనూ తెచ్చి, సరిగ్గా ఆ పెద్దల మధ్య చతికిలబడి, ఇసుక దులిపి, కట్టడం మొదలుపెట్టింది. వంకర చేతిలో కర్ర నిలవడం లేదు. రెండుసార్లు జారింది. పట్టుకోవాల్సింది నేను, భయంతో తలుపు వెనక బిగుసుకుపోయాను. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

అప్పుడు నాయనమ్మ లేచింది. అరిష్టమని ఒక్కనాడూ ముట్టుకోని ఆ కర్రను రెండు చేతులా పట్టుకుని కూతురి ఎదుట కూర్చుంది. "గట్టిగా బిగించే నీలీ, జారిపోతాది" అంది.  ముడి పడ్డాక, తల ఎత్తకుండానే పెద్దలతో అంది: "నా కూతురు ఇక్కడే ఉంటాది. మీరు ఎలిపోండి."

నాన్న లేచాడు. వాకిట్లో ఉన్న తన బావ చెప్పుల్ని తీసి వీధిలో పెట్టాడు.

వైశాఖంలో ఐదు మొక్కలు పూశాయి. గోధుమరంగు గళ్ళ రేకులు, మధ్యలో ఊదా నాలుక, పొద్దున్నే తేనెలాంటి వాసన. నెత్తిన తట్టలతో పోయే ఆడవాళ్ళు ఆగి చూసేవారు. విసిరిన మొక్క మాత్రం రెండు ఆకులు పోగొట్టుకుని ఇంకో రెండేళ్ళు తీసుకుంది. అత్తను బదనిక అని మా ఇంట్లో మళ్ళీ ఎవరూ అనలేదు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. తెప్పలు పోయి ఫైబర్ పడవలొచ్చాయి, తెప్ప ముడి వేయడం మా ఊళ్ళో ముగ్గురు నలుగురికి కూడా రాదు. ఆ మామిళ్ళు మళ్ళీ లేవలేదు, వాటితో అడవి బదనికలూ పలచబడ్డాయి. వీటికి నాకు దుఃఖముంది. కానీ పోయినవాటన్నిటికీ ఏడవమంటే ఏడవను. ఆ అరుగు మీది తీర్పులు పోతే పోనీ, పీడా వదిలిందంటాను.

పూర్తిగా పోలేదు కూడా. పోయిన నెల మా వీధిలో ఒక పిల్ల అత్తింటి నుంచి పెట్టె పట్టుకుని వచ్చేసింది. సాయంత్రానికి నలుగురు మగవాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను ఫోనులో పోలీసుల నంబరు వెతుకుతుండగానే, డెబ్బై దగ్గరపడిన నీలమ్మత్త తన పీట తానే మోసుకుంటూ వెళ్ళి, ఆ పిల్ల పక్కన వేసుకుని కూర్చుంది.

"ఏటి తగువు?" అంది. "ముందు నాకు సెప్పండి."