నక్షత్ర ధూళి, గోరేబాళ చిట్టెం

కాలువ కింద పుట్టిన పిల్లకు పరిశోధన చేసుకొనే చోటు ఇటు కర్ణాటకలోనూ దక్కలేదు, అటు ఆంధ్రలోనూ దక్కలేదు. ఆమె ఎక్కడి మనిషో తేల్చలేమన్నారు.

ఆమె పేరు రాజ్యలక్ష్మి. తుంగభద్ర కాలువకు నీళ్లు వదిలిన కొత్తలో తండ్రి ముసలయ్య గుంటూరు వైపు నుంచి రాయచూరు జిల్లా సింధనూరు తాలూకా గోరేబాళకు వచ్చి, తుమ్మలు కొట్టించి వరి వేశాడు. ఆమె అక్కడే పుట్టింది. ఎమ్మెస్సీ అయ్యాక, 1977లో, కర్ణాటకలోని విశ్వవిద్యాలయంలో పరిశోధనకు తాత్కాలికంగా చేర్చుకున్నారు.

ఆమె ఎత్తుకున్న విషయం ముసలి నక్షత్రాల చుట్టూ ఉండే ధూళి. చావుకు దగ్గరైన నక్షత్రం పైపొరలను వదిలేస్తుంది; అవి చల్లారి ధూళి అవుతాయి. ఆ ధూళి తన వేడిని కంటికి కనబడని పరారుణ కాంతిగా వెదజల్లుతుంది. ఆ కాంతిని విడదీసి గీసిన గీతలో ఒకచోట వెడల్పైన మూపురం లేస్తుంది. అది రాతిజాతి ధూళికి గుర్తు. అయితే ఎటువంటి రాయి? రాజ్యలక్ష్మి రాయచూరు గుట్టల రాళ్లు నూరి, ఉప్పులాంటి పొడిలో కలిపి, బిళ్లలుగా అదిమి యంత్రంలో పెట్టి చూసింది. ప్రతి రాయికీ అందులోని స్ఫటికాల వల్ల సూదిమొనల్లాంటి శిఖరాలే వచ్చాయి, మూపురం రాలేదు. ఆరు నెలలు అదే తంతు. గైడు విషయం మార్చుకోమన్నారు.

సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నాగలి కర్రు సాగదీయించడానికి కమ్మరి మారెప్ప కొలిమికి వెళ్లింది. పక్కన గాజులా మెరిసే చిట్టెం, ఇనుము కాల్చినప్పుడు కారిన మడ్డి, పడి ఉంది. కరిగి, స్ఫటికం కట్టే వ్యవధి లేకుండా చల్లారిన పదార్థం అది.

"కాస్త పట్టుకెళ్తాను మారెప్పా."

"ఏంది, చిట్టెమా? చదువుకున్నోళ్లు గిట్ల చెత్త ఏరుతరా తల్లీ?"

"చుక్కల చుట్టూ ఇలాంటిదే ఉందేమో చూడాలి."

"అట్లయితే పైన గూడ ఒక కమ్మరోడు ఉండాలె. వానికి బొగ్గు ఎవరిస్తరో అడుగు."

నూరి చూస్తే దాదాపు నక్షత్రపు మూపురమే వచ్చింది. అందులో ఇనుము పాళ్లు తగ్గించి మరో విడత చేస్తే, నక్షత్ర ధూళి గాజులాంటిదేనని తేలిపోతుంది. ఆ వారమే విశ్వవిద్యాలయ కార్యాలయం ఆమెను పిలిచి, తండ్రి ఆంధ్రవాడు గనుక స్థానికుల సీటు చెల్లదని, అక్కడికే వెళ్లమని చెప్పింది. గుంటూరు వైపు వెళితే అక్కడి విశ్వవిద్యాలయ గుమాస్తా, "మీది రాయచూరు గదమ్మా, పరాయి రాష్ట్రపు పిల్లను మేమెట్లా చేర్చుకుంటాం?" అన్నాడు.

ఇప్పుడామె సింధనూరు బడిలో లెక్కలు చెబుతోంది. చేసిపెట్టిన బిళ్లలు చెమ్మ తగిలి మసకబారాయి.

ఆమెను తిప్పిపంపిన రెండు చోట్ల అధికారులారా, ముసలయ్య దగ్గర తప్పనిసరిగా అమ్మాల్సిన లెవీ వడ్లు కొలిపించుకున్ననాడు ఆయన ఎక్కడివాడని సర్కారు అడగలేదు. ఆయన కూతురు ఎవరి పిల్లో మీలో ఒకరు ఒప్పుకోండి. ఒప్పుకొని, ఆమె సీటు ఆమెకు ఇవ్వండి.