సంధి చర్చల్లో ఒకే ఒక్క ఆడమనిషి

కోవిడ్ రోజుల్లో లిమరిక్ నుంచి కాజిల్‌బార్ వెళ్ళే బస్సులో, ఏడాదిన్నర పాపను ఒళ్ళో పెట్టుకుని, అది ముట్టుకున్న ప్రతిదాన్నీ తుడుస్తూ కూర్చున్నాను. నేను మళ్ళీ నర్సు డ్యూటీలో చేరాలా వద్దా అన్నది ఆ సాయంత్రం వీడియో కాల్‌లో తేలాలి. ఇక్కడి నుంచి మావారు, మన ఊరి నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు మాట్లాడతారు. పెద్దవాళ్ళకు మావారు కనబడేలా ఫోన్ పట్టుకోవడం నా పని.

అవతలి సీట్లో ఉన్న ఐరిష్ పెద్దావిడ రిటైరైన చరిత్ర టీచరు. మాస్కులోంచే మాట కలిపింది. అమెరికా పుట్టిన తొలినాళ్ళలో, అక్కడి ఆదివాసులైన చెరోకీలకు ఒక నాయకురాలు ఉండేదట. పెద్దల సభలో ఆమెకు చోటు, బందీల ప్రాణాలు కాపాడే అధికారం ఉండేవట. కొత్త దేశంతో సంధి చర్చల్లో కూడా ఆమె మాట్లాడిందట.

"అవతలి వైపు అందరూ మగాళ్ళే! ఒక్క ఆడమనిషినైనా తీసుకురావాలని తోచలేదు వాళ్ళకి. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను, రిటైరయ్యేదాకా ఆమె పేరే వినలేదు నేను" అని మండిపడింది.

ఆ కోపం చల్లారకుండానే, "ఇంతకీ మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" అని అడిగింది.

చెప్పాను. కాజిల్‌బార్ వచ్చేదాకా ఆయన ఉద్యోగం గురించే చెప్పాను. ఆవిడ బాగుంది అన్నట్టు "గ్రాండ్, గ్రాండ్" అంటూ వింది. నేనేం చేస్తానో ఆవిడ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు.

సాయంత్రం కాల్ కలవగానే ఫోన్ నా వైపు తిప్పుకుని, "అత్తయ్యగారూ, సోమవారం నుంచి నేను డ్యూటీకి వెళ్తున్నానండీ" అన్నాను.

"ఫోన్ సరిగ్గా పట్టుకోమ్మా, అబ్బాయి కనబడట్లేదు" అన్నారావిడ.

నేను నా వైపే పట్టుకున్నాను.