నాకు తీసిన దిష్టి

మా పెద్దమ్మ కొడుకు స్టీల్ ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. ఎత్తంటే అన్నయ్యకు లెక్కే లేదని మేముండే మరోదా బస్తీలో మా వాళ్లందరి నమ్మకం. అందుకే కొండల మధ్య లోయలో నిలువు రాయి ఎక్కడానికి అతన్ని తోడు రమ్మన్నాను. నేను ముందు ఎక్కుతూ రాతి పగుళ్లలో లోహపు ముక్కలు ఇరికించి, వాటికి తాడు తగిలించాను. అన్నయ్య వాటిని ఊడదీసుకుంటూ నా వెనకే వచ్చాడు. తాడు పొడవు అయిపోయిన చోటల్లా ఆగుతూ రాతిలో రెండో అరుగు దాకా బాగానే చేరాం.

అక్కడ అన్నయ్య కిందికి చూశాడు. అంతే, రాయిని కరుచుకుని కూలబడ్డాడు.

"బస్, ఇక చాలు, నా వల్ల కాదే. క్రేన్ కేబిన్లో అయితే చుట్టూ గోడుంటాది."

ఇంకొక్క విడత ఎక్కితే పైకి చేరిపోతాం. నాకు ఒళ్లు మండింది. తిట్టడానికి నోరు తెరిచాను కూడా. కానీ అతను కళ్లు గట్టిగా మూసుకోవడం చూశాక, దిగడానికి సిద్ధమయ్యాను. తాడు కట్టి ఇద్దరం కిందికి దిగిపోయాం.

ఇంటికి రాగానే పెద్దమ్మ అడిగింది. "ఏటి, పైదాకా ఎక్కీసారా?"

అన్నయ్య తల దించుకున్నాడు.

"లేదు పెద్దమ్మా. సగంలో నాకు భయమేసింది, దిగిపోనాం" అన్నాను.

"అయ్యో, పిల్ల జడుసుకుంది!" అంటూ పెద్దమ్మ గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చింది. నన్ను చాప మీద కూర్చోబెట్టి, నా తల చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది.

అన్నయ్య వచ్చి, నా భుజానికి భుజం ఆనించి కూర్చున్నాడు.

పెద్దమ్మ అతని వైపు చూసింది. చెయ్యి కాస్త వెడల్పుగా, ఇద్దరి తలల చుట్టూ తిప్పింది.